అద్దెకు వెళ్లిన సామాను

పెద్ద తోడికోడల్ని వీధిలోకి గెంటేసి చిన్నావిడ ఇల్లు అమ్మేసుకోబోతోందని ఇస్త్రీ బండి ఆమె పాలాయనతో అందట. పాలాయన తన అలవాటు కొద్దీ దానికి కాసిని నీళ్లు కలిపి పక్కింటి టీచరమ్మకు పోశాడట. టీచరమ్మ చదువుకున్న మనిషి కాబట్టి, "నేనైతే నమ్మలేదనుకోండి" అని ముందు ఒక మాట పడేసి, మిగతాదంతా గేటు దగ్గర నిలబెట్టి మరీ చిన్నావిడ చెవిన వేసింది.

"పెద్దావిడ ఒకటే ఏడుపట కదండీ. ఆవిణ్ణి ఏదో ఆశ్రమంలో చేర్పిస్తారట. నాకెందుకులెండి, ఎవరింటి గొడవ వాళ్లది. ఇంతకీ ఏ ఆశ్రమమండీ?"

చిన్నావిడ అప్పుడే రాత్రి డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో తెల్లవార్లూ దుప్పట్లు మడిచిన చేతులు భుజాల దాకా లాగేస్తున్నాయి. కళ్లల్లో ఇసుక పోసినట్టుంది.

"గెంటాలంటే ఓపిక ఉండాలి కదండీ," అంది. "ప్రస్తుతానికి గేటు నెట్టే ఓపిక కూడా లేదు."

గేటు నిజంగానే తెరుచుకోలేదు. లోపల గోడకు చేర్చిన మడత కుర్చీల దొంతర ఒకటి ఎప్పుడో జారి అడ్డంగా పడి ఉంది. సందులోంచి చెయ్యి పెట్టి ఒక్కో కుర్చీనీ పక్కకు నెట్టి, సంచీ నెత్తిన పెట్టుకుని, ఒళ్లు వంచి లోపలికి దూరింది. టీచరమ్మ ముక్కు మీద వేలేసుకుని చూస్తూ నిలబడింది.

ఆ ఇల్లు ఒకప్పుడు టెంట్ హౌస్. అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపేవారు. పెళ్లికైనా చావుకైనా, మీటింగుకైనా స్కూలు ఫంక్షనుకైనా జనం అద్దెకు తీసుకెళ్లే కుర్చీలు, బల్లలు, టెంట్లు, తివాచీలు, మనిషి లోపల కూర్చుని స్నానం చేయగలిగేంత గుండిగలు, అన్నీ అక్కణ్ణుంచే బండెక్కేవి. తర్వాత అన్నదమ్ములకి ఏదో మాట తేడా వచ్చింది. ఏం మాటో ఆ తర్వాత వాళ్లకే గుర్తులేదు కానీ, ఇంటి నడుమ మాత్రం గోడ లేచింది. ఎడమవైపు పెద్దాయనకి, కుడివైపు చిన్నాయనకి. గోడ కట్టిన ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఫంక్షన్ హాళ్లు వచ్చి కుర్చీ దగ్గర్నుంచి చెంచా దాకా వాళ్లే ఇవ్వడం మొదలెట్టాక, అద్దెకు అడిగేవాళ్లూ పోయారు. మిగిలింది సామానూ, పిల్లాపీచూ లేని ఇద్దరు తోడికోడళ్లూ. కాగితాల్లో మాత్రం ఇల్లు ఒకటే, పేర్లు రెండు. నడుమ గోడ సంగతి కాగితానికి తెలియదు. అమ్మాలంటే ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే.

బయటికి వెళ్లడం మానేసిన సామాను ఇంటి మీద పడింది. ముందు పెద్దావిడ వైపు షెడ్డు నిండింది. వాన పడితే తడుస్తాయని తివాచీలు హాల్లోకి వచ్చాయి, తివాచీల మీదికి బల్లలెక్కాయి, బల్లల మీదికి బేసిన్లు. పడగ్గదిలో మంచం చుట్టూ కుర్చీలు పహరా కాశాయి. చివరికి గుండిగల మూతలు పొయ్యి మీద కూడా చేరేసరికి, పెద్దావిడ వంట చిన్నావిడ వంటింట్లోకి మారింది. వంటతో పాటు తిండి, తిండితో పాటు మధ్యాహ్నం కునుకు, కునుకు లేచాక కబుర్లు. గోడ గోడగానే ఉంది కానీ, పెద్దావిడ దానికి ఎడమవైపు ఉండడం ఎవరూ చూడలేదు.

చిన్నావిడ కాళ్లు కడుక్కుని, మంచం కింది పళ్లాల కట్టలకి మడమ కొట్టుకుని, అమ్మా అనే ఓపిక కూడా లేక నడుం వాల్చింది. రెప్ప పడిందో లేదో, గుమ్మంలో గాజుల చప్పుడు.

"పడుకున్నావా పిల్లా?"

చిన్నావిడకి యాభై దాటాయి. అయినా పెద్దావిడకి పిల్లే. కొత్తకోడలుగా వచ్చిన రోజున పెట్టిన పిలుపు అది.

"ఊఁ," అంది.

"పడుకో, పడుకో. నీళ్లు కాచి ఉంచాను, పోసుకుని పడుకుంటే బాగుండేది."

"లేచాక పోసుకుంటానక్కా."

"అప్పటికి చల్లారిపోతాయి కదే. సరేలే, మళ్లీ కాస్తాను. నువ్వు పడుకో."

గాజుల చప్పుడు వెళ్లిపోయింది. వంటింట్లో ఏదో మూత కిందపడి, గిరగిర తిరిగి తిరిగి ఆగింది. మళ్లీ గుమ్మంలో గాజులు.

"మూత పడింది. నిద్ర చెడిందా?"

"లేదక్కా."

"అదే, చెడిందేమో అడుగుదామని వచ్చాను."

మరి కాసేపటికి పెద్దావిడ వచ్చి మంచం చివర కూర్చుని, నూనె చేత్తో ఆమె పాదాలు ఒళ్లోకి తీసుకుంది. గట్టి చేతులు. పాదం నడుమ బొటనవేలితో నొక్కితే ప్రాణం లేచొస్తుంది. చిన్నావిడ మొగుడు పోయిన ఏడాది, ముద్ద కలిపి నోట్లో పెట్టిన చేతులు కూడా అవే. వద్దు అనడానికి ఏం ఉంది? ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంతోనే చిన్నావిడ తలప్రాణం తోకకి వస్తోంది. పాదాలు నొక్కుతున్నంతసేపూ పెద్దావిడ నోరు ఆగదు. పాలాయన నీళ్లు, బల్లి, పక్కింట్లో కొత్త కుక్కరు, ఎన్నడో అద్దెకు వెళ్లి సొట్టపడి వచ్చిన బేసిను. మధ్యమధ్యలో "వింటున్నావా?" అని ఒక గుంజు. వింటున్నానంటే కబురు సాగుతుంది. మాట్లాడకపోతే "పడుకున్నావా?" అని అడుగుతుంది.

ఇల్లు అమ్ముదామని చిన్నావిడ అన్నది అందుకు.

పెద్దావిడతో చెప్పిన కారణం వేరు. "రెండు బస్సులు మారి తిరగలేకపోతున్నానక్కా, ఆసుపత్రి దగ్గర్లో ఉంటే నడిచి పోయి రావచ్చు," అంది. అదీ అబద్ధం కాదు. కానీ అసలు సంగతి బ్రోకరుకి ఒక్కడికే తెలుసు. అతన్ని అందరూ సరేనండిగారు అంటారు. ఎవరేమన్నా ముందు "సరేనండి" అని, ఆ తర్వాత ఆలోచించుకునే మనిషి. అతను ఆసుపత్రి వెనకవీధిలో ఒక ఇల్లు చూపించాడు. ఇల్లు అనడం కూడా ఎక్కువే. ఒక గది, ఓ మూల వంటకి గట్టు, వెనక కొళాయి. కిటికీ తెరిస్తే ఎదురుగా బోడి గోడ.

"ఈ గోడొక్కటే లోపమండి," అని నసిగాడు సరేనండి.

చిన్నావిడ ఆ గోడ వంక చాలాసేపు చూసింది. దాని మీద ఏమీ లేదు. దాని వెనక ఎవరూ లేరు. ఆమెకి గదికంటే ఆ గోడే నచ్చింది. తన వాటా చేతికొస్తే కొనుక్కోగలదు. ఆ గదివాళ్లు నెలాఖరు దాకా ఆగుతామన్నారు.

కొనేవాడు కూడా దొరికాడు. పళ్ల డాక్టరు. రోడ్డు మీది ఇల్లు కాబట్టి తన పళ్ల ఆసుపత్రికి బాగుంటుందని ముచ్చటపడ్డాడు. కానీ రెండు వాటాలూ కలిపి అయితేనే తీసుకుంటాడు, సగం ఇల్లు తనకేం పనికిరాదన్నాడు. అంటే మళ్లీ పెద్దావిడ దగ్గరికే వచ్చింది.

సరేనండి డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చిన రోజు పెద్దావిడ కొత్త చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి మర్యాదగానే లోపలికి పిలిచింది. లోపలికి అంటే ఎడమవైపుకి. హాల్లో మనిషి తిన్నగా నడిచే దారి లేదు. పొట్ట లోపలికి లాక్కుని అడ్డంగా జరుగుతూ పోవాలి. డాక్టరు కాస్త ఒళ్లున్న మనిషి. కుర్చీల దొంతరకీ టెంటు కర్రలకీ నడుమ ఇరుక్కుపోయి, ముందుకీ వెనక్కీ కాకుండా నిలబడిపోయాడు.

"ఊపిరి వదలండి బాబూ, అప్పుడు సన్నబడతారు," అంది పెద్దావిడ. "పోయినసారి కరెంటాయన కూడా అక్కడే ఆగాడు."

డాక్టరు ఊపిరి వదిలి బయటపడ్డాడు. చేతికందిన గుండిగ మీద వేలితో టక్కుటక్కుమని కొట్టి చూశాడు, కదిలే పన్నా కాదా అని చూసినట్టు.

"ఇవన్నీ ఎప్పటికి ఖాళీ అవుతాయమ్మా?"

"ఖాళీ ఎందుకవుతాయి బాబూ?"

"మరి ఇల్లు..."

"ఇల్లు తీసుకోండి. నేనేమన్నా వద్దన్నానా? సామాను ఎక్కడ పెట్టుకోను, అది చెప్పండి. ఈ దిక్కుమాలిన సంసారంలో మా ఆయన చేత్తో కొన్నవి. ఇదిగో, అడుగున మూడు చుక్కలు చూడండి. అది మా గుర్తు. ప్రపంచంలో ఎక్కడ కనిపించినా మాదే."

డాక్టరు అడుగు చూశాడు, చుక్కలు చూశాడు, సరేనండి వంక చూశాడు. సరేనండి చిన్నావిడ వంక చూశాడు. చిన్నావిడ నేల వంక చూసింది. గేటు దగ్గర డాక్టరు మెల్లిగానే చెప్పాడు. తనకి మరో ఇల్లు కూడా చూపిస్తున్నారని, పై వారం లోపల ఏ సంగతో చెబితే సరి, లేకపోతే ఏమీ అనుకోవద్దనీ. మంచి మనిషి. మంచివాళ్లతో కూడా అలసిపోవచ్చని చిన్నావిడకి ఈ మధ్యే తెలుస్తోంది.

ఆ సాయంత్రమే ఆమె పాత సామాన్లు కొనేవాణ్ణి పిలిపించింది. అది తప్పయిపోయింది. వాడు వస్తూ వస్తూ కాటా తెచ్చాడు. గొలుసులతో వేలాడే పెద్ద కాటా అది. దాన్ని వాకిట్లో టెంటు కర్రలు నిలబెట్టి వేలాడదీసేసరికి పెద్దావిడ ముఖం కందగడ్డలా అయిపోయింది.

"ఏవిఁటది?"

"కాటా అమ్మా. తూకం వెయ్యాలి కదా."

"తూకమా? వీటిలో వండిన వంట తిని నువ్వు పుట్టి ఉంటావురా! దీనికి తూకమా? ఇది ఇనుమా, పప్పులా ఉప్పులా తూచడానికి?"

"ఇనుమే కదమ్మా. కొంచెం ఇత్తడి."

అంతే. పెద్దావిడ అన్నింటికంటే పెద్ద గుండిగను బోర్లించి, దాని మీదెక్కి కూర్చుంది. "ముందు నన్ను తూచు," అంది. కాటావాడు దండం పెట్టి గొలుసులు చుట్టుకున్నాడు. వీధంతా గోడలెక్కి చూసింది. గెంటేస్తున్నారన్న కబురు పుట్టింది ఆ గుండిగ మీదే.

టీచరమ్మ గేటు దగ్గర పట్టుకున్న రోజు రాత్రి, లాండ్రీలో చిన్నావిడ దుప్పట్లు మడుస్తూ అదే ఆలోచించింది. ఆలోచన అనేకంటే, మడతలో మడతలా దానంతట అదే తిరుగుతోంది. అక్క సామానుని అమ్మదు. పారెయ్యదు. ఎవరికీ ఊరికే ఇవ్వదు. ఆ మూడు మాటలూ ఆవిడ దగ్గర ఎత్తకూడనివి. మరి ఏ మాట ఎత్తాలి? ఎదురుగా బండి నిండా ఉతికిన దుప్పట్లు వార్డులకి వెళ్తున్నాయి. తోసుకెళ్లేవాడు వాటి వంక చూడను కూడా చూడడం లేదు. రోజూ వెళ్తాయి, రోజూ వస్తాయి. కొన్ని రావు. రానివాటి గురించి ఎవరూ ఏడవరు, ఎక్కడో ఏదో మంచం మీద ఉన్నట్టే లెక్క. చిన్నావిడ చేతులు ఆగాయి.

టెంట్ హౌస్ ఇంట్లో అద్దెకు వెళ్లిన సామాను పోయిన సామాను కాదు. బయట ఉన్న సామాను. పెద్దావిడ ఇప్పటికీ అలాగే మాట్లాడుతుంది. వాళ్ల బేసిను ఒకటి ఏనాటినుంచో ఎవరింట్లోనో బట్టలు నానబెట్టడానికి పనికొస్తోంది. దాన్ని పోయిందని ఎవరైనా అంటే ఊరుకోదు. "బయటుంది," అంటుంది.

పొద్దున డ్యూటీ దిగి తిన్నగా ఇంటికి రాకుండా లైట్లాయన దగ్గరికి వెళ్లింది. లైట్లాయన ఒకప్పుడు వీళ్ల దగ్గరే సీరియల్ బల్బులు కట్టే పనిలో ఉండేవాడు. ఇప్పుడు ఊరి చివర సొంతంగా టెంట్ హౌస్ పెట్టుకున్నాడు. ఫంక్షన్ హాళ్లకి డబ్బు పెట్టలేనివాళ్లు ఇంకా అతని దగ్గరికి వస్తారు. అతను స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

"మా సామానంతా తీసుకో," అంది చిన్నావిడ.

"పెద్దమ్మగారు అమ్ముతారా? నేను నమ్మను."

"అమ్మదు. నువ్వు అద్దెకు తీసుకో."

"ఎన్నాళ్లకి?"

"నువ్వున్నన్నాళ్లకి."

లైట్లాయన తల గోక్కున్నాడు. "ఇంతకీ తిరిగివ్వాలా, అక్కర్లేదా?"

"అడిగితే ఇవ్వు."

"అడుగుతారా?"

"అడగదు. బయటుందంటే చాలు ఆవిడకి."

అతను టీ తెప్పించాడు, తాగాడు, గ్లాసు కింద పెట్టాడు. "పెద్దమ్మగారి చేతి అన్నం తిన్నవాణ్ణి. ఆవిడ కళ్లల్లోకి చూసి అబద్ధం చెప్పమంటున్నారు."

"అబద్ధం నేను చెప్తాను. నువ్వు బేరమాడు చాలు."

లైట్లాయన సామాను అద్దెకు అడుగుతున్నాడని చిన్నావిడ అక్కతో ముందే చెప్పి ఉంచింది. అతను వచ్చి బేరమాడాడు. ఎంత బాగా ఆడాడంటే, చిన్నావిడే కాసేపు నమ్మేసింది. పెద్ద ఆర్డరు వచ్చిందనీ, తన దగ్గరున్నది చాలదనీ, ఇకమీదట ఇలాంటివే వరసగా ఉన్నాయనీ, మాటిమాటికీ మోసే కంటే తన షెడ్డులోనే ఉంచుకుంటాననీ చెప్పాడు. పెద్దావిడ ఎన్నాళ్లుగానో మూలపడ్డ గొంతు ఒకటి బయటికి తీసింది. చిన్నావిడ కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో వాకిట్లో వినపడిన గొంతు.

"సొట్ట పడితే ఊరుకోను."

"ఊరుకోవద్దు పెద్దమ్మగారూ."

"మూత పోతే గుండిగ కూడా పోయినట్టే. మూత లేని గుండిగ ఎవడిక్కావాలి?"

"నిజమేనండి."

"తివాచీలు తడిపి చుట్టావంటే నీ తోలు వలుస్తాను. అప్పట్లో ఒకసారి తడిపి చుట్టావు, గుర్తుందా?"

"అది నేను కాదండి, పెద్దాయన."

"ఆయన తోలు కూడా వలిచాను," అంది పెద్దావిడ.

మూడు చుక్కల గుర్తు చెరపకూడదన్నది ఆఖరి షరతు. దానికి లైట్లాయన నిజంగానే ఒప్పుకున్నాడు, బేరం కోసం కాదు. గొంతులో తేడా చిన్నావిడకి తెలిసింది.

వారం రోజులు బండి వస్తూ పోతూ ఉంది. పెద్దావిడ వాకిట్లో కుర్చీ వేసుకుని ప్రతి వస్తువునీ తిప్పి చూసి, అడుగు తట్టి, సాగనంపింది. ఇస్త్రీ బండి ఆమె, పెద్దావిడ ఏడుపు చూద్దామని వచ్చి, ఏడుపు లేకపోవడంతో ఒక బల్ల మొయ్యడంలో చెయ్యి వేసి వెళ్లింది. ఎడమవైపు గదులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. బల్లల వెనక గోడకి అసలు రంగు లేతపచ్చ అని తేలింది. హాల్లో దగ్గితే దగ్గు తిరిగి వినపడింది. పెద్దావిడ తన సొంత వంటింట్లో, సొంత పొయ్యి ముందు నిలబడి, "అయ్యో, ఇక్కడ కిటికీ ఉందే!" అంది.

ఆ వారమంతా చిన్నావిడ పగలు నిద్రపోయింది. అక్క వాకిట్లో పనిలో ఉండడంతో గుమ్మంలో గాజుల చప్పుడు లేదు. లేచేసరికి ఎండ వాలి ఉండేది. ఎక్కడున్నానో ఒక క్షణం తెలిసేది కాదు. ఆ తెలియని క్షణమే హాయిగా ఉండేది. తర్వాత అక్కని మోసం చేశానన్నది గుర్తొచ్చి మెల్లిగా గుండెలో రాయి పడేది. మంచి రాయే, మొయ్యగలిగినంతే అనుకుంది. అక్కకి ఆవిడ వాటా డబ్బుతో ఈ వీధిలోనే చిన్న ఇల్లు చూడాలి. తెలిసినవాళ్లుంటారు. ఆదివారం ఆదివారం తను వచ్చి చూసిపోవచ్చు. ఇల్లు ఖాళీ అయ్యింది కాబట్టి, ఇక ఆ మాట మెల్లిగా, మంచిగా చెప్పాలి. రేపు చెప్పాలి. రేపు కాకపోతే ఎల్లుండి.

ఆ ఎల్లుండి ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో అక్క లేదు. పెద్దావిడ వీధి మలుపు దాటి ఏళ్లయింది. చిన్నావిడ మళ్లీ వాకిట్లోకి వచ్చింది. టీచరమ్మ గోడ మీంచి తల పెట్టి, "బ్రోకరుగారితో ఆటోలో వెళ్లారండీ, జడ కూడా వేసుకున్నారు," అని తన వంతు చెప్పేసింది.

ఎండెక్కాక ఆటో వచ్చి ఆగింది. పెద్దావిడ పెళ్లికి వెళ్లొచ్చిన దానిలా దిగింది. వెనకాల సరేనండి, తల దించుకుని.

"లేచే ఉన్నావా పిల్లా? పడుకోలేదూ? పోనీలే, మంచిదే, ఈ కబురు నిద్రలో చెప్పేది కాదు." పెద్దావిడ ఖాళీ హాల్లో నేల మీదే చతికిలబడింది. "ఇల్లు చూసొచ్చాను."

"ఏ ఇల్లక్కా?"

"మనిల్లు! మీ ఆసుపత్రికి రెండు వీధుల అవతల. నడిచి చూశాను కూడా, నా నడకకే ఎంతో సేపు పట్టలేదు, నీకైతే ఒక్క ఉరుకు. ముందువైపు షెడ్డుంది. వెనక రెండు గదులు, పక్కపక్కనే, మధ్యలో తలుపు. ఆ తలుపుకి గడియ లేదు. పెట్టిస్తామన్నారు, నేనే వద్దన్నాను. రాత్రివేళ నీకేదన్నా అయితే గడియ తీసుకుంటూ కూర్చోవాలా? డాక్టరుగారికి కబురు పంపేశాను, సంతకం పెడతానని. ఈయనకి మాట కూడా ఇచ్చేశాను. ఏవండీ, ఇచ్చాను కదా?"

"సరే... ఇచ్చారండి," అన్నాడు సరేనండి నీళ్లు నములుతూ.

చిన్నావిడ గోడకి చేరగిలబడింది. "షెడ్డెందుకక్కా?"

"బాగా అడిగావు! అద్దెకు వెళ్లిన సామాను తిరిగొస్తే ఎక్కడ పెడతాం? నెత్తినా? చోటుండాలి కదే. అందుకే ఒంటిగది ఇళ్లు చూపిస్తుంటే కాదన్నాను." ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. "వాడు తిరిగివ్వడని నాకు తెలీదనుకున్నావా? సీరియల్ బల్బులు కట్టేవాడికి ఎప్పుడైనా అంత పెద్ద ఆర్డరు వస్తుందా? మొదటి రోజే తెలిసింది నాకు. కాటావాడు రాగానే గుండిగెక్కి కూర్చున్నదాన్ని, వీడికి ఎందుకిచ్చాను? నువ్వు పంపావని ఇచ్చాను. నా మనసు కష్టపడకూడదని నువ్వింత నాటకం ఆడావే, ఒళ్లు హూనమైపోయి కూడా! అప్పుడనుకున్నాను, ఇంతగా నన్ను వెంట తీసుకుపోవాలని చూస్తుంటే ఇనప సామాను పట్టుకుని వేళ్లాడేది ఏంటని. తిరిగొస్తే షెడ్డులో పెడదాం. రాకపోతే నువ్వు బట్టలారేసుకుందువుగాని."

చెప్పి, టీ పెట్టుకొస్తానని లేచి వంటింట్లోకి వెళ్లింది. తన వంటింట్లోకి కాదు, చిన్నావిడ వంటింట్లోకి. అలవాటు.

సరేనండి గబగబా దగ్గరికి జరిగాడు. "నా తప్పేం లేదమ్మా. పొద్దున్నే ఫోను చేసి రమ్మన్నారు. మీ గది సంగతి నేనెత్తలేదు."

"తెలుసులెండి."

"ఒక్క మాట చెప్తాను. డాక్టరుగారి దగ్గర సంతకం అయిపోనీండి. అయ్యేదాకా ఊఁ అనండి. ఆ తర్వాత ఎవరి వాటా వారిది, మీ గదికి మీరు వెళ్లొచ్చు, ఆవిడకి తర్వాత చెప్పుకోవచ్చు. ఇప్పుడు గనక నోరు జారారో, ఆవిడ సంతకం పెట్టరు. డాక్టరు పోతాడు, మీ గది కూడా పోతుంది. నెలాఖరు ఎంతో దూరం లేదు."

అతను చెప్పినది న్యాయంగానే ఉంది. ఒక్క ఊఁ. ఇన్నేళ్లుగా గుమ్మంలో గాజులు చప్పుడైనప్పుడల్లా అంటున్నదే. ఇంకొక్కసారి అంటే పోయేదేముంది? కిటికీ అవతల ఆ బోడి గోడ ఆమె కళ్లముందు ఆడింది. దాన్ని పోగొట్టుకోకుండా ఉండాలంటే నోరు మూసుకోవాలి. నోరు మూసుకుంటే, అక్క షెడ్డు కొంటుంది, గదులు తుడుస్తుంది, గడియ లేని తలుపుకి కర్టెను కడుతుంది, ఒంటరిగా ఆ కర్టెను పక్కన కూర్చుని ఎదురుచూస్తుంది. అప్పుడు చెప్పాలి. సామాను అద్దెకని చెప్పిన నోటితో ఇంకో అబద్ధం, దానికి కాపలాగా మరొకటి. వాటన్నిటినీ మడతపెట్టి దాచుకునే సత్తువ ఆమెలో వెతికినా కనపడలేదు.

పెద్దావిడ మూడు గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఒకటి సరేనండి చేతికిచ్చి, ఒకటి తను పెట్టుకుని, మూడోది చిన్నావిడ ముందు నేల మీద పెట్టింది. పెట్టి, ఆమె పాదాన్ని మామూలుగానే ఒళ్లోకి తీసుకోబోయింది. చిన్నావిడ పాదం వెనక్కి లాక్కుంది.

"ఏం పిల్లా, నెప్పా?"

"కాదు."

"మరి అలా ఉన్నావేం? నేనింత చెప్తే ఒక్క మాట లేదు. ఏవండీ, మీరు చెప్పండి, ఆ ఇల్లు బాగుందా లేదా?"

సరేనండి టీ గ్లాసులోకి చూస్తూ, బాగుందన్నట్టు తలూపాడు.

"చూశావా? ఆసుపత్రి దగ్గరే కావాలన్నావు, దగ్గరే. బస్సులు వద్దన్నావు, ఇక బస్సు ముఖం చూడక్కర్లేదు. సామాను తియ్యమన్నావు, తీశాను. సంతకం పెట్టమన్నావు, పెడుతున్నాను. ఇంకా ఏం కావాలే నీకు? నోరు తెరిచి చెప్పు, అదీ చేస్తాను."

చిన్నావిడ టీ ముట్టుకోలేదు. తలెత్తి, చాలా రోజుల తర్వాత, అక్క ముఖంలోకి తిన్నగా చూసింది.

"బస్సుల కోసం కాదక్కా. నీతో ఉండలేకే ఈ ఇల్లు అమ్ముదామన్నాను."